మూడు కొలతల సగటు

జూన్ 2, సోమవారం

పాత నోటుబుక్కు ఆసుపత్రిలోనే అయిపోయింది. ఇది కొత్తది. పాతదాన్ని తిరగేసే ఉద్దేశం లేదు. అందులో ఉన్నది నాకు గుర్తే; గుర్తు లేనిదేమైనా ఉంటే అది మరిచిపోదగ్గదే అయి ఉంటుంది.

ముప్పై ఎనిమిది రోజుల తరవాత మిరియాన్ని ఇంటికి తెచ్చుకున్నాం. ఐదేళ్ల మనవరాలు. తలమీద ఒక్క వెంట్రుక లేదు. బుగ్గలు మాత్రం స్టెరాయిడ్ల పుణ్యమా అని ఊదిన బెలూన్లలా ఉన్నాయి. గుమ్మంలో నిలబడి ఇల్లంతా ఒకసారి కలయజూసి, "ఎవరు సర్దారు ఇలా? నా బొమ్మలేవి?" అంది. సర్దింది నేనే. ఈ పిల్లకి మిరియం అని పేరు పెట్టిందీ నేనే. అనుభవించాలి.

మొదటి నెల మందులకే రక్తంలో కాన్సర్ కణాలు కంటికి కనబడకుండా పోయాయని డాక్టరమ్మ చెప్పింది. ఇంకా రెండేళ్ల పైచిలుకు వైద్యం ఉందట. ఉండనీ. ముప్పైమూడేళ్లు తొమ్మిదో తరగతికి భౌతికశాస్త్రం చెప్పినదాన్ని. అంతకన్నా మొండి జబ్బు లోకంలో ఇంకోటి ఉండదు.

వచ్చేముందు వార్డులోని పెద్ద నర్సు ఒక పచ్చ కాగితం ఇచ్చి, ఫ్రిజ్ తలుపు మీద అంటించుకోమంది. పదకొండు నియమాలు. మొదటిది లావుపాటి అక్షరాల్లో ఉంది: జ్వరం 100.4 ఒక్కసారి కనిపించినా గంటలోగా వార్డులో ఉండాలి, ఇంట్లో ఏ మాత్రా వేయకూడదు.

"మందులకి తెల్లకణాలు పడిపోతాయి టీచరమ్మా. కాపలా లేని ఇల్లన్నమాట. అలాంటి ఇంట్లో దూరిన దొంగకి తొందరుండదు. తొందరంతా మనకే ఉండాలి," అంది నర్సు.

ఉపమానం బాగుంది. పదికి ఎనిమిది మార్కులు వేశాను, మనసులోనే.

కాగితం వంకరగా అంటుకుంది. ఊడదీసి సరిగ్గా అంటించాను.

జూన్ 4, బుధవారం

తెల్లారి లేస్తూనే మిరియానికి ఉడకబెట్టిన గుడ్డు. ఏడింటికి ఇంకోటి. ఎనిమిదింటికి "గుడ్డు అడగలేదు, గుడ్డు గురించి అడిగాను" అంటూ మూడోది. మందులు ఆకలిని పెంచుతాయన్నారు గానీ తెలివిని కూడా పెంచుతాయని ఎవరూ చెప్పలేదు.

జూన్ 7, శనివారం

అల్లుడు లిఫ్టులు బాగుచేస్తాడు. పెద్ద పెద్ద భవనాల్లో ఇరుక్కున్నవాళ్లని బయటికి లాగే పని. ఇంట్లో మాత్రం అతని మాట ఎప్పుడూ రెండంతస్తుల మధ్య ఆగిపోతుంది. "అత్తయ్యగారూ, అదీ..." అంటాడు. ఇక అంతే. మనం మెట్లెక్కి వెళ్లి ఆ మాటని కిందికి దించుకోవాలి.

ఇవాళ గుమ్మంలోనే బూట్లు విప్పి, చొక్కా మార్చి, మోచేతులదాకా సబ్బు రాసుకుని అప్పుడు కూతురి దగ్గరికి వెళ్లాడు. మిరియం అతని రెండు చేతులూ తిప్పి చూసి "గోళ్లు" అంది. వెనక్కి వెళ్లి బ్రష్షుతో తోముకొచ్చాడు. ఇంత చిన్న ఇంటికి ఇద్దరు హెడ్మిస్ట్రెస్‌లు ఎక్కువే.

జూన్ 11, బుధవారం

అమ్మాయిని పనిలోకి వెళ్లమన్నాను.

నా కూతురు జనానికి కారు నేర్పుతుంది. ఆ స్కూలు మొత్తానికి ఆడ టీచరు తనొక్కతే. నెలన్నరగా ఆమె కోసం ఆగిన ఆడవాళ్ల జాబితా రెండు పేజీలుందని ఓనరు ఫోన్ చేశాడు. ఆ జాబితా మాట వినగానే దాని మొహంలోకి నెత్తురొచ్చింది. నేను చూశాను. మళ్లీ అంతలోనే పిల్ల వైపు చూసి ఫోన్ పెట్టేసింది.

"ఇంట్లో ఉండి ఏం చేస్తున్నావే నువ్వు? గంటకోసారి దాని నుదురు తడుముతున్నావు. అరిగిపోతుంది," అన్నాను.

"జ్వరం వస్తే?"

"రానీ. కాగితంలో రాసినట్టు చేస్తాను. చదువు రానిదాన్నా?"

"నీకు భయం లేదామ్మా?"

"భయమెందుకు? థర్మామీటరుంది."

నవ్వింది. చాలా రోజులైంది నవ్వి. "ఏ కాస్త తేడా అనిపించినా ఫోన్ చేస్తావు కదూ?" అంది.

చేస్తానన్నాను.

జూన్ 14, శనివారం

మొన్నటి మందుకి తెల్లకణాల కౌంట్లు పడిపోయాయి. అనుకున్నదే. రక్తపరీక్ష కాగితం చూసి అమ్మాయి మళ్లీ వెనకాడింది. "ఈ వారం ఆగుతానమ్మా" అంది. కౌంట్లు పడటం లేవటం ఇంకా రెండేళ్లుంటుంది, నువ్వు రెండేళ్లు ఆగుతావా అన్నాను. సోమవారం వెళ్తోంది.

జూన్ 16, సోమవారం

ఉదయం. వెళ్లింది. జడ వేసుకుని, స్కూలు వాళ్లిచ్చిన నీలం చొక్కా వేసుకుని. గేటు దగ్గర నాలుగు జాగ్రత్తలు చెప్పింది, రోడ్డు దాటాక ఫోన్ చేసి ఐదోది చెప్పింది.

మధ్యాహ్నం 2.40. మిరియం అన్నం సగంలో వదిలేసింది. ఒళ్లు కాస్త వెచ్చగా తగిలింది. కిటికీ పక్కన ఎండలో ఆడుకుంది మరి. రెండూ పదికి కొలిచాను. 100.8.

ఒక్క కొలతను పట్టుకుని జవాబు రాసిన విద్యార్థికి నేను ఏనాడూ మార్కులు వేయలేదు. పరికరంలో దోషం ఉండొచ్చు, చూసే కంట్లో ఉండొచ్చు, పరిసరాల్లో ఉండొచ్చు. మూడుసార్లు కొలవాలి, సగటు తీయాలి. దుప్పటి తీసేసి, కిటికీ తెర వేసి, నీళ్లు తాగించి, పది నిమిషాలాగి రెండోసారి చూశాను. 99.9. ఇంకో పది నిమిషాలకి 100.2. మొత్తం 300.9. సగటు 100.3.

హద్దు 100.4. హద్దు లోపలే ఉంది. గంట ఆగి మళ్లీ చూస్తాను.

3.05. ఎలా ఉంది అని అమ్మాయి మెసేజ్ పెట్టింది. బాగుంది, పడుకుంది అని జవాబిచ్చాను. పడుకున్న మాట నిజమే.

జూన్ 17, మంగళవారం

ఆసుపత్రి. నిన్న నాలుగింటికి వణుకు మొదలైంది. పళ్లు టకటకలాడాయి. 103.1. టాక్సీలో ఒళ్లో పెట్టుకుని తీసుకొచ్చాను. నాలుగూ ముప్పై ఐదుకి వార్డులో ఉన్నాం. వెంటనే ఛాతీ దగ్గర చర్మం కింద ఉన్న పోర్టులోంచి యాంటీబయాటిక్ ఎక్కించారు. ఐదున్నరకి రక్తపోటు పడిపోయింది. ఐసీయూలోకి తీసుకెళ్లారు.

"జ్వరం ఎప్పుడు మొదలైంది?" అని పెద్ద నర్సు అడిగింది. నాలుగింటికి అన్నాను. రాసుకుంది.

జూన్ 18, బుధవారం

లోపలికి ఒక్కరినే రానిస్తారు. అమ్మాయి ఉంది. నీలం చొక్కాతోనే ఉంది, సోమవారం వేసుకున్నది.

నాలుగింటికి మొదలైంది.

జూన్ 19, గురువారం

రక్తపోటు నిలబడింది. రక్తంలో దొరికిన క్రిమి పేరు చెప్పారు. నోరు తిరగనంత పొడుగ్గా ఉంది. దానికి పనిచేసే మందే ఎక్కుతోందట.

నాలుగింటికి మొదలైతే నాలుగూ ముప్పై ఐదుకి తెచ్చాం. గంట కాలేదు. "సమయానికి తీసుకొచ్చారమ్మా" అంది డాక్టరమ్మ. అల్లుడు నా చెయ్యి పట్టుకుని, "ఆ టైములో మీరు ఇంట్లో లేకపోతే ఏమైపోయేదో అత్తయ్యగారూ," అన్నాడు. పెళ్లయిన ఎనిమిదేళ్లలో అతను నాతో పూర్తి చేసిన మొదటి వాక్యం. అది ఇదే కావాలా?

ఇంటికొచ్చి పక్కబట్టలు ఉతికాను. ఆరాక తీసి, మళ్లీ అవే ఉతికాను.

జూన్ 20, శుక్రవారం

రాయటానికేమీ లేదు.

జూన్ 22, ఆదివారం

మిరియాన్ని ఐసీయూ నుంచి వార్డుకి మార్చారు. పీక బొంగురుగా ఉంది గానీ నోరు మాత్రం యథాస్థానానికి వచ్చేసింది. డాక్టరమ్మని చూసి, "నువ్వు నిన్న కూడా ఇదే గౌను వేసుకున్నావు" అంది. పిల్ల బతికింది. ఇక ఏ సందేహమూ లేదు.

సాయంత్రం నర్సమ్మాయి వచ్చి జ్వరం చూసి, రాసుకుని వెళ్లిపోబోతుంటే మిరియం ఆపింది.

"ఒక్కసారేనా? మా అమ్మమ్మ మూడుసార్లు పెడుతుంది. మధ్యలో నీళ్లు ఇస్తుంది."

"అలాగా? మీ అమ్మమ్మకి నువ్వంటే అంత ముద్దు," అని ఆ నర్సు నవ్వుతూ వెళ్లిపోయింది. అమ్మాయి మంచం అటువైపు నిద్రపోతోంది. నిద్రపోతోందనే అనుకుంటున్నాను.

జూన్ 23, సోమవారం

ఈ పుస్తకంలో పదహారో తారీఖు పేజీ ఉంది. నా చేతిరాతే. రెండూ పది అని ఉంది. ఆ తరవాతి పేజీల్లో నాలుగు, నాలుగు అని ఎన్నిసార్లు రాసినా ఆ పేజీ కదలటం లేదు. చింపేద్దామని పట్టుకున్నాను కూడా. వెనకటికి ప్రయోగాల రికార్డులో ఒక పేజీ చింపిన కుర్రాణ్ణి నెల రోజులు తరగతి బయట నిలబెట్టాను. వాడిప్పుడు ఎక్కడున్నాడో గానీ, ఉంటే వచ్చి చూడాలి.

ఒకటి తేల్చుకోవాలి. మొదటి కొలతే 99.9 వచ్చి ఉంటే నేను రెండోది తీసేదాన్నా? తీసేదాన్ని కాదు. థర్మామీటరు కడిగి డబ్బాలో పెట్టి హాయిగా పేపరు చదువుకునేదాన్ని. నచ్చని కొలతకి మాత్రమే తోడు వెతికాను. తెర వేసి, దుప్పటి లాగి, చన్నీళ్లు పట్టించి మరీ వెతికాను. దాన్ని సగటు అనరు. బేరం అంటారు.

కాగితం మీద 'ఒక్కసారి కనిపించినా' అని ఉంది. నా అంత చదువుకున్నదానికి ఆ రెండు మాటలు అర్థం కాలేదంటే ఎవరూ నమ్మరు. నేనూ నమ్మను.

బేరం ఎందుకు ఆడానో కూడా తెలుసు. గేటు దగ్గర ఆ నీలం చొక్కా కనిపిస్తోంది కళ్లముందు. మొదటి రోజే, భోజనాల వేళకే ఫోన్ చేస్తే అది చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొస్తుంది. వచ్చి మళ్లీ పిల్ల పక్కన కుర్చీలో కూర్చుంటుంది, ఇక లేవదు. నేనున్నాను వెళ్లవే అని పంపినదాన్ని నేనే. నా మాట ఒక్క పూట కూడా నిలబడకపోవటమేమిటి?

ఇదీ సంగతి. రాశాక చూస్తే ఎంత చిన్నదో.

పిల్ల కోలుకుంటోంది. ఎవరికీ తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. పడుకుంటాను.

జూన్ 24, మంగళవారం

చెప్పేశాను.

వార్డు బయట చేతులు కడుక్కునే కుళాయిలు వరసగా ఉంటాయి. అమ్మాయి కడుక్కుంటోంది. పక్క కుళాయి దగ్గర నిలబడి చెప్పాను. కూర్చోబెట్టి చెప్పే ధైర్యం లేక.

"జ్వరం నాలుగింటికి కాదే మొదలైంది."

"మరి?"

"రెండూ పదికి చూశాను. 100.8 ఉంది."

నీళ్లు పోతూనే ఉన్నాయి.

"మూడింటికి నేను మెసేజ్ పెట్టాను," అంది.

"పెట్టావు."

"బాగుంది అన్నావు."

"అన్నాను. మూడుసార్లు చూసి సగటు..."

"నీ సగటు నాకు చెప్పకమ్మా." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "ఫోనెందుకు చేయలేదో చెప్పు."

"మొదటి రోజు కదా. నువ్వు మళ్లీ ఇంట్లో కూర్చుండిపోతావని..."

"అంటే నేను కారు నేర్పటం కోసం నా కూతురు..."

ఆ మాట పూర్తి చేయలేదు. ఈ ఇంట్లో వాక్యాలు పూర్తి చేయనిది అల్లుడొక్కడే అనుకునేదాన్ని. కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకోకుండా లోపలికి వెళ్లింది. నీళ్ల చుక్కలు తలుపుదాకా ఉన్నాయి.

డాక్టరమ్మకి కూడా నేనే చెప్పాను. ఫైలు తెప్పించుకుని నాలుగు కొట్టేసి రెండూ పది అని రాసింది. "రెండు గంటల ఇరవై ఐదు నిమిషాలు," అంది. లెక్క సరిగ్గానే వేసింది. "పిల్ల గట్టిది. ఈసారి ఒక్క కొలత చాలమ్మా." చీవాట్లు పెట్టలేదు. ముప్పైమూడేళ్లలో నేను ఎన్ని వేలమందిని చీవాట్లు పెట్టానో! నా వంతు వచ్చేసరికి పెట్టేవాళ్లే కరువయ్యారు.

సాయంత్రం అమ్మాయి ఒక్క మాటే అంది: "నువ్వు ఇంటికెళ్లమ్మా. ఇక్కడ నేను చూసుకుంటాను."

జూన్ 28, శనివారం

మిరియం ఇంటికొచ్చింది. దానితోపాటు వియ్యపురాలు కూడా దిగింది, అల్లుడి తల్లి. అమ్మాయే పిలిపించింది. నాతో చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు.

"వదినగారూ, మీరు చాలా అలిసిపోయారట కదా, విశ్రాంతి తీసుకోండి," అంది ఆవిడ రాగానే. అంటే ఆవిడకి అసలు సంగతి చెప్పలేదన్నమాట. ఆ ఒక్క మర్యాద మిగిల్చారు నాకు.

థర్మామీటరు ఇప్పుడు ఆవిడ దగ్గర ఉంది. నాకు కూరగాయలు తరిగే పని ఇచ్చారు. సమానంగా తరుగుతున్నాను.

జులై 3, గురువారం

వియ్యపురాలు వార్డుకి ఫోన్ చేసింది. జ్వరం 98.9. "ఇంత ఉంది, రమ్మంటారా?" అక్కర్లేదన్నారు.

జులై 4, శుక్రవారం

మళ్లీ చేసింది. పిల్ల రెండుసార్లు దగ్గిందట. అందులో ఒకటి నవ్వుతూ దగ్గినది. అది కూడా చెప్పింది.

జులై 5, శనివారం

అమ్మాయికి మూడుసార్లు, వార్డుకి ఒకసారి. నాకు సిగ్గేసింది, ఆవిడ తరఫున.

జులై 10, గురువారం

ఇవాళ ఉండబట్టలేక అడిగాను.

"వదినా, రోజూ ఫోన్ చేస్తుంటే వాళ్లు విసుక్కోరూ?"

"విసుక్కుంటే విసుక్కోనివ్వండి. వాళ్ల విసుగు చూసుకుంటూ కూర్చుంటే మన పిల్ల ఏం కాను?"

"అవసరమా కాదా అని మనమే కాస్త ఆలోచించి..."

"అమ్మో, ఆలోచించటం నా వల్ల కాదు వదినగారూ. మీరంటే చదువుకున్నవారు. నేను వాళ్లు చెప్పింది చేస్తాను, అంతే. నాకంత లెక్క రాదు."

వెక్కిరింపు కాదు. ఆవిడకి వెక్కిరించటం కూడా రాదు. ఎదురుగా కూర్చుని బీన్స్ ఈనెలు తీస్తూ ఉంది. పెద్ద నర్సు ఇప్పుడు ఆవిడ గొంతు విని "ఏంటి పెద్దమ్మా, ఇవాళ తుమ్మా దగ్గా?" అంటుంది. ఒక్కసారి కూడా కసురుకోలేదు. ఫోన్ ఇందుకే పెట్టారేమో అక్కడ.

ఇన్నాళ్లూ ఈవిణ్ణి తక్కువగా చూశాను. బయటికి కాదు. లోపల. బయటికి కూడా, అప్పుడప్పుడు.

జులై 14, సోమవారం

అమ్మాయి పనిలోకి వెళ్లింది. పిల్లని అత్తగారికి అప్పగించి. నేను వంటింటి కిటికీలోంచి చూశాను. బాగానే వెళ్లింది.

మిరియం వచ్చి నా పక్కన కూర్చుంది.

"నీమీద అమ్మకి కోపమా?"

"అవును."

"ఎందుకు?"

"నీకు జ్వరమొచ్చిన రోజు అమ్మకి ఫోన్ చేయలేదు."

కాసేపు ఆలోచించింది. "ఛార్జింగ్ లేదా?"

ఉంది, అన్నాను. ఇంకాసేపు ఆలోచించి, "అయితే తప్పే," అని తీర్పు చెప్పి వెళ్లిపోయింది. సగం దూరం వెళ్లి తిరిగొచ్చి గుడ్డు అడిగింది.

జులై 19, శనివారం

వియ్యంకుడికి కంటి ఆపరేషన్ కుదిరింది. రేపు వియ్యపురాలు వెళ్లిపోవాలి. సోమవారం నుంచి ఎవరు?

పొద్దుట్నుంచీ ఆ ప్రశ్న ఇల్లంతా తిరుగుతోంది, ఎవరూ కూర్చోమనటం లేదు. అల్లుడు "నేను సెలవు... అదీ..." అన్నాడు. అతని సెలవులు మే నెలలోనే అయిపోయాయి.

మధ్యాహ్నం నేను బట్టలు మడతపెడుతుంటే అమ్మాయి వచ్చి ఎదురుగా కూర్చుంది. ఒక దుప్పటి అంచులు తను పట్టుకుంది, ఇంకో అంచులు నేను పట్టుకున్నాను.

"సోమవారం నుంచి నువ్వే చూసుకోవాలి," అంది.

"వేరే దారి లేక అంటున్నావా?"

"దారి లేకపోతే పని మానేసేదాన్ని. మానటం లేదు. అదే చెప్పటానికొచ్చా." దుప్పటి లాగి సాఫు చేసింది. "నువ్వు రోజుకి పదిసార్లు ఫోన్ చేసినా నేను పని మానను. మాటిస్తున్నాను. అందుకని నన్ను కాపాడాలని చూడకు. దాన్ని చూడు చాలు."

"సరే."

"కారెక్కిన ప్రతివాళ్లకీ మొదటి రోజే చెప్తానమ్మా. బ్రేకు తొక్కటానికి మొహమాటపడకండి, వెనకవాడు హారన్ కొడితే కొట్టుకోనివ్వండి అని. నీకది చెప్పలేదు. నీకు చెప్పాల్సి వస్తుందనుకోలేదు."

నా కూతురు నాకు పాఠం చెప్పింది. తల వంచుకుని విన్నాను. బాగా చెబుతుంది. ఎక్కడ నేర్చుకుందో మరి.

"కోపం పోయిందా?" అని అడిగాను.

"లేదు," అంది. "ఇంకా చాలా ఉంది. దుప్పటి అటు తిప్పు."

జులై 20, ఆదివారం

వియ్యపురాలు థర్మామీటరు నా చేతికిచ్చి బయల్దేరింది. బస్సెక్కేదాకా తోడు వెళ్లాను. జరిగింది మొత్తం చెప్పాను, సగటుతో సహా. "నాకు తెలుసు వదినగారూ," అంది. "మావాడు మొదటి రోజే చెప్పేశాడు." అంటే నన్ను అలిసిపోయారట అన్నది తెలిసే. ఆవిడకి వెక్కిరించటం రాదు గానీ, మంచితనం దాచటం వచ్చు.

ఆ అల్లుడు వాళ్లమ్మ దగ్గర మాత్రం వాక్యాలు పూర్తి చేస్తాడన్నమాట!

జులై 22, మంగళవారం

అమ్మాయికి ఫోన్ మూడుసార్లు. ఒకసారి ముక్కు కారినందుకు, ఒకసారి కారటం ఆగినందుకు. మూడోసారి ఎందుకో రాయను.

"చెప్పమ్మా" అంటుంది ప్రతిసారీ. వెనకాల ఎవరో గేరు వేయలేక కీచుమనిపిస్తూ ఉంటారు.

జులై 24, గురువారం

వార్డు కిటికీ పక్కన కూర్చుని రాస్తున్నాను.

పొద్దున పదకొండూ ఇరవైకి మిరియం బొమ్మలు వదిలేసి వచ్చి నా ఒళ్లో తల పెట్టింది. అడగకుండా వచ్చి తల పెట్టే పిల్ల కాదు. థర్మామీటరు పెట్టాను. 100.5.

రెండోసారి పెట్టటానికి చెయ్యి వెళ్లింది. నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను, వెళ్లింది. ఆ చేత్తోనే ఫోన్ అందుకున్నాను.

"100.5. ఒక్కసారే చూశాను."

"గేటు దగ్గరుండు," అంది అమ్మాయి.

పిల్లకి మాస్కు కట్టి, ఆసుపత్రి సంచీ భుజాన వేసుకుని కిందికి దిగేసరికి, వీధి మొదట్లో కారు కనబడింది. నెత్తిమీద డ్రైవింగ్ స్కూలు బోర్డు, వెనకాల 'నేర్చుకుంటున్నారు, దూరంగా ఉండండి' అన్న అట్ట. అమ్మాయి ఒక మనిషికి పాఠం చెబుతూ రెండు వీధుల అవతలే ఉందట. గేటు ముందు కారాగగానే దిగి, స్టీరింగ్ దగ్గరున్న ఆయన్ని, "మీరు వెనక్కి వెళ్లండి," అంది. యాభై ఏళ్ల భారీ మనిషి, దర్జీ. మెళ్లో కొలత టేపు ఇంకా వేలాడుతోంది. వెనక సీట్లోకొచ్చి మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. మధ్యలో మిరియం. ఇటు నేను.

మిరియం ఆయన్ని కింద నుంచి పైదాకా చూసింది.

"నిన్నెందుకు వెనక్కి పంపించింది? తప్పు చేశావా?"

"లేదమ్మా. మీ అమ్మ నాకన్నా బాగా నడుపుతారని."

"నాకు జ్వరం."

"అయ్యో. ఎంతుంది?"

"వంద దాటింది."

"వందా!" అన్నాడాయన నిజంగానే బెదిరిపోయి. "నేనింతవరకు ముప్పై దాటలేదు."

ముందు సీట్లోంచి నవ్వు వినిపించింది. నా కూతురు నవ్వుతూ, మూడు లారీల మధ్య నుంచి కారుని సూదిలో దారం ఎక్కించినట్టు పోనిచ్చింది. దర్జీ కళ్లు మూసుకున్నాడు. నేను మూసుకోలేదు. దాని పని నేను చూడటం ఇదే మొదటిసారి. ఇన్నేళ్లూ కారు నేర్పటమూ ఒక చదువా అనుకునేదాన్ని.

పదకొండూ నలభై ఎనిమిదికి వార్డులో ఉన్నాం.

"ఎప్పుడు చూశారు టీచరమ్మా?" అంది పెద్ద నర్సు.

"పదకొండూ ఇరవై."

"మళ్లీ?"

"మళ్లీ చూడలేదు."

రాసుకుంది. తలెత్తకుండానే రాసుకుంది. పోర్టులోకి సూది దిగేటప్పుడు మిరియం నా చెవి మెలిపెట్టి పట్టుకుంది. అది దాని పద్ధతి. చెవి ఇంకా మండుతోంది. మందు ఎక్కింది. గంటన్నరకి రిపోర్టు వచ్చింది. కౌంట్లు బాగున్నాయి. రక్తపోటు బాగుంది. మామూలు జలుబులాగే ఉందట. అయినా రేపటిదాకా ఉంచి చూస్తామంది డాక్టరమ్మ.

"జలుబుకి ఇంత హడావుడి చేశాను," అన్నాను.

"చేశావు," అంది అమ్మాయి. నా మెడ దగ్గర మడతపడ్డ చీర అంచు సరిచేసింది. ఒక్క క్షణమే. తరవాత గడియారం చూసుకుంది. బయట బెంచీమీద దర్జీ అలాగే కూర్చుని ఉన్నాడు. ఎవరూ వెళ్లమనలేదు కాబట్టి వెళ్లలేదట.

"పాపం, ఆయన క్లాసు ఇంకా ఇరవై నిమిషాలు మిగిలింది. ఆ తరవాత ఇద్దరున్నారు. ఆరింటికి వస్తాను," అంది.

మిరియం సగం నిద్రలో, "ఆయన్ని ముందు కూర్చోపెట్టు," అంది.

"కూర్చోపెడతాలే."

వంగి పిల్ల గుండు మీద ముద్దు పెట్టి, కారు తాళాలు చేత్తో ఎగరేసి పట్టుకుని వెళ్లిపోయింది. మందుల వేళలు చెప్పలేదు. ఫోన్ చేయమనీ చెప్పలేదు. ఒక్క జాగ్రత్త కూడా చెప్పలేదు.

కిటికీలోంచి చూశాను. దర్జీ స్టీరింగ్ ముందు, అమ్మాయి పక్కన. కారు ఒకసారి గెంతి ఆగింది. ఇంకోసారి గెంతింది. తరవాత నెమ్మదిగా, ముప్పై దాటకుండా, గేటు దాటి వెళ్లింది.